పొయ్యి మీద హార్డ్ డిస్కు

మా పెళ్ళి ఆల్బమ్ చూసినవాళ్ళు నేను ఎవరిని పెళ్ళి చేసుకున్నానో చెప్పలేరు. ప్రతి ఫొటోలోనూ నేను స్పష్టంగా ఉంటాను. అద్దె కోటు, మెళ్ళో దండ, బెదిరిన చూపు. నా పక్కన మాత్రం తెల్లటి మచ్చ ఒకటి చీర కట్టుకుని నిలబడి ఉంటుంది. అది బూజు. అనంతగిరి కొండల్లో జూన్‌లో పట్టిన వాన అక్టోబరు దాకా వదలదు. ఆ నాలుగు నెలలూ ఉప్పు నీరవుతుంది, తలుపులు ఉబ్బుతాయి, చెప్పుల మీద నాచు మొలుస్తుంది. ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. విడదీస్తే ఒకరి ముక్కు ఇంకొకరి చెంప మీద ఉండిపోతుంది.

"బూజుకి కూడా తెలుసు, ఎవర్ని ఉంచాలో" అన్నాను ఒకసారి ఆల్బమ్ తిరగేస్తూ.

"తీపున్న చోటికే చీమెళ్తాది" అంది మా ఆవిడ. "నీ మొహం బూజుక్కూడా అక్కర్లేకపోయింది."

ఫొటోలు పోతే పోయాయి. అసలు బెంగ పెళ్ళి క్యాసెట్ గురించి. తొంభైల మధ్యలో మా పెళ్ళి కొండ మీది చర్చిలో జరిగింది. శృంగవరపుకోట నుంచి వీడియో తీసేవాణ్ణి పిలిపించాం. మూడు గంటల క్యాసెట్. అందులో మా మావ, అంటే మా ఆవిడ తండ్రి, పదకొండు సెకన్లు ఉంటాడు. ఆయన మా పెళ్ళయిన ఆరేళ్ళకి జ్వరమొచ్చి చనిపోయాడు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. ఆయన కదలడం ఇంకెక్కడా లేదు. ఉన్నవి ఆ పదకొండు సెకన్లే.

అవి ఇలా ఉంటాయి. భోజనాల దగ్గర మావ అడ్డాకుల విస్తరి చేత్తో పట్టుకుని నిలబడి మాంసం కూర నోట్లో పెట్టుకుంటాడు. కెమెరా దగ్గరికి వస్తుంది. భోజనం ఎలా ఉందని తననే అడుగుతున్నారనుకుని ఆయన కెమెరా వైపు తిరిగి, "కూరలో ఉప్పు సాల్నేదు. ఎవులు వొండినారు?" అంటాడు. అంతే. వెంటనే తెర మీద ఎర్రటి గుండె బొమ్మ ఒకటి వచ్చి ఆయన్ని మింగేస్తుంది. ఆ వీడియోవాడికి గుండె బొమ్మలంటే ప్రాణం.

ఆ కూర వండింది మా అత్త. ఆయన పోయాక ప్రతి ఏటా జ్ఞాపకార్థ కూటమి రోజున, ప్రార్థన అయిపోయాక, ఆ క్యాసెట్ పెట్టమనేది. మావ అలా అనగానే అత్త తెర వైపు చూసి, "సరిపోయింది. నీ నోటికే రుసి నేదు" అనేది. ఏటా అదే మాట, అదే కోపం. అన్నాక లేచి అందరికీ టీ పెట్టేది. అది చూడకపోతే అత్తకి ఆ ఏడు గడవనట్టే.

ఒక వానాకాలం క్యాసెట్ పెట్టె తీస్తే టేపు అంచున తెల్లటి నూగు కనిపించింది. అప్పుడు నేను రంగంలోకి దిగాను.

ఇక్కడ నా చదువు గురించి చెప్పుకోవాలి. నేను ఇంటర్ రెండుసార్లు తప్పాను. ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను. అరకులో శాఖా గ్రంథాలయంలో కిటికీ పక్కన బల్ల నాది. కోళ్ళ పెంపకం నుంచి గ్రహణాల దాకా అక్కడున్న పుస్తకాలన్నీ వరసగా చదివాను. ఉద్యోగం జూనియర్ కాలేజీలో ల్యాబ్ అటెండర్. లెక్చరర్లకి తెలియని సంగతులు కొన్ని నాకు తెలుసు. అవి వాళ్ళకి చెప్పాక, నన్ను వరండాలో చూస్తే వాళ్ళు దారి మార్చుకునేవారు.

బూజు సంగతి కూడా గ్రంథాలయంలోనే చదివాను. పట్నంలో ఒక స్టూడియోలో టేపు శుభ్రం చేసి సీడీల్లోకి ఎక్కిస్తారని తెలిస్తే, క్యాసెట్‌ని తువ్వాల్లో చుట్టి పాసింజరు బండిలో విశాఖపట్నం పట్టుకెళ్ళి మూడు సీడీలు తెచ్చాను. ఏడాది తిరక్కుండా ఒక సీడీ అంచున పొర లేచింది. మా తడికి సీడీ అన్నా లెక్కలేదు.

అప్పుడే గ్రంథాలయానికి ఎవరో ఇచ్చిన పాత పుస్తకాల మూటలో నాకు ఆ పుస్తకం దొరికింది. ఇంట్లో రెండు మూడు కంప్యూటర్లు కలిపి, ఒకదాంట్లో అన్నీ దాచి, మిగతావాటి నుంచి చూసుకోవడం ఎలాగో తెలుగులో రాసిన పుస్తకం. అలా దాచే కంప్యూటర్‌ని సర్వర్ అంటారట. పుస్తకంలో పదకొండు అధ్యాయాలు. పది నేను రెండేసి సార్లు చదివాను. పదకొండోది చెదలు చదివేశాయి. విషయసూచికలో దాని పేరు మాత్రం మిగిలింది, "నకళ్ళు, జాగ్రత్తలు" అని. పది అధ్యాయాలు తెలిసినవాడికి పదకొండోది దానంతటదే తెలుస్తుందని అప్పట్లో నా నమ్మకం.

"పుస్తకం మొత్తం చదివేశారా?" అని అడిగాడు లైబ్రేరియన్. ఆయన వేసవిలో కూడా మంకీ క్యాపు తీయని మనిషి.

"దాదాపు" అన్నాను.

మా కాలేజీలో మూలపడేసిన కంప్యూటర్లు వేలం వేస్తే, ఒకటి మేకపిల్ల ధరకి నాకు వచ్చింది. విప్పి చూస్తే లోపల రెండు బల్లి గుడ్లు, ఒక ఎండిన బల్లి, చాక్‌పీసు పొడి. అన్నీ దులిపి స్విచ్చి వేస్తే పిండి మిల్లులా మోగింది కానీ, వెలిగింది. ఒక కంప్యూటర్ పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన, కంప్యూటర్‌ని వేరే పద్ధతిలో నడిపే లైనక్స్ సీడీని గ్రంథాలయం నుంచి వారం రోజులకని తెచ్చి, దాంతో సర్వర్‌ని తయారుచేశాను. ఆ సీడీ ఆ వారంలో తిరిగి ఇవ్వలేదు. తర్వాతి వారంలోనూ ఇవ్వలేదు. ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

రెండో కంప్యూటర్ మా తోడల్లుడిది. మా ఆవిడ చెల్లెల్ని చేసుకున్నాడు. మా ఇంటికి వాళ్ళ ఇల్లు నలభై అడుగుల దూరం. గుహలు చూడ్డానికొచ్చే టూరిస్టులకి కొండ వేషం వేసి ఫొటోలు తీయడం అతని వ్యాపారం. హైదరాబాదు నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగి నెత్తిన ఈకలు పెట్టి, చేతికి బాణమిచ్చి నిలబెడతాడు. మేమెవరం పుట్టి బుద్ధెరిగాక ఈకలు పెట్టుకోలేదు. మా కుటుంబంలో డిజిటల్ కెమెరా మొదట కొన్నది అతనే కాబట్టి పిల్లల బాప్తిస్మాలు, స్కూలు ఆటలు, పుట్టినరోజులు అన్నీ అతని కంప్యూటర్లో, ఆ ఈకల బ్యాంకు ఉద్యోగుల మధ్యలో ఉండేవి.

"అన్నా, ఆ డొక్కు దేనికి? నా కంప్యూటర్ లేదా?" అన్నాడు.

"తమ్ముడూ, నీది వాడుకునే యంత్రం. ఇది దాచే యంత్రం. రెండిటికీ తేడా ఉంది. మూడో అధ్యాయం."

"మూడో అధ్యాయంలో బల్లి గుడ్లున్నాయా?"

వాళ్ళ కిటికీకీ మా కిటికీకీ మధ్య గాల్లో కేబుల్ లాగాను. మధ్యలో ఆసరాకి వెదురు గెడ పాతాను. వంద మీటర్ల లోపయితే చాలని ఐదో అధ్యాయంలో ఉంది. ఇంటి బయట లాగొచ్చా లేదా అన్నది పదకొండో అధ్యాయంలో ఉండి ఉంటుంది. మర్నాడే మా ఆవిడ ఆ కేబుల్ మీద రెండు లంగాలు, నా చొక్కా ఆరేసింది.

"దాని మీద కాదు, అందులోంచి ఫొటోలు వెళ్తాయి" అన్నాను.

"లోపల్నుంచి ఫొటోలెళ్తాయి, పైన బట్టలారతాయి. ఒకదానికొకటి అడ్డమేటి?"

పది అధ్యాయాలూ మళ్ళీ తిరగేశాను, లంగాల ప్రస్తావన ఎక్కడా రాలేదు.

తడి తగలకుండా సర్వర్ పక్కన అరవై వాట్ల బల్బు రాత్రింబవళ్ళు వెలిగించాను. కోడిపిల్లల పెట్టెకి బల్బు పెట్టాలని కోళ్ళ పుస్తకంలో ఉంది. తడికీ అది పనికొస్తుందని నేను ఊహించాను. మా పెట్టకోడి కూడా అదే ఊహించింది. వారం తిరక్కుండా సర్వర్ వెనక, ఫ్యాను వేడిగాలి ఊదే చోట, గోనె మీద పొదగడానికి కూర్చుంది. లేపితే పొడిచేది. కంప్యూటర్ ఆపాలంటే కోడిని బతిమాలాలి. ఇరవయ్యొక్క రోజులకి తొమ్మిది పిల్లలు లేచాయి. ఊళ్ళో ఎదురుపడ్డవాళ్ళు, "ఏటి, నీ కంప్యూటర్ ఈనిందట, ఎన్ని పిల్లలు?" అని అడగడం మొదలుపెట్టారు.

అయినా సర్వర్ పనిచేసింది. అది మాత్రం ఎవరూ కాదనలేరు. వాళ్ళింట్లో కూర్చుని మాయింట్లో ఉన్న ఫొటో చూడొచ్చు. తోడల్లుడి దగ్గరున్న ఫొటోలన్నీ, మూడు సీడీల్లోని పెళ్ళి వీడియో అందులోకి ఎక్కించాను. మావ పదకొండు సెకన్లని విడిగా కత్తిరించి వేరే పెట్టాను. అత్త కొండ మీద, నడిస్తే గంటన్నర దూరంలో, తన పాత ఇంట్లోనే ఉండేది. వారం వారం సంతకి అల్లమో చింతపండో దించుకుని వచ్చినప్పుడు మా ఇంటికొచ్చేది. ఇప్పుడు ఏడాదికోసారి ఎదురుచూడక్కర్లేదు, వారం వారం చూడొచ్చు. బుట్ట దించి, కాళ్ళు కడుక్కుని, సర్వర్ ముందు కూర్చునేది. కోడి ఒకసారి తలెత్తి చూసేది.

"కూరలో ఉప్పు సాల్నేదు. ఎవులు వొండినారు?"

"సరిపోయింది. నీ నోటికే రుసి నేదు."

కొన్నాళ్ళకి ఆ యంత్రంతో పాటు వచ్చిన చిన్న డిస్కు నిండిపోయింది. పట్నం వెళ్ళి పెద్ద డిస్కు కొని తెచ్చి, అన్నీ దాంట్లోకి ఎక్కించి, పాతది విప్పి బల్ల మీద పడేశాను. ఆ రోజు సంత. అత్త దాన్ని చేత్తో పట్టుకుని బరువు చూసింది.

"దీన్లో మావ ఉన్నాడేటి?"

"ఉన్నాడు. కానీ ఇప్పుడు పెద్దదాన్లోకి వచ్చేశాడు కదా. అది ఇక దండగ."

"అల్లుడా, మరి మావ ఎన్నిళ్ళల్లో ఉన్నాడు?"

"రెండిళ్ళల్లోనూ కనిపిస్తాడత్తా. ఇక్కడా, మరదలు వాళ్ళింట్లోనూ."

"కనిపించడం కాదు. ఉండడం."

నేను నవ్వాను. సర్వర్ అంటే ఏమిటో మొదటి అధ్యాయం నుంచీ చెప్పాను. ఆమె వక్కపలుకు నములుతూ పావుగంట ఓపిగ్గా విని, అప్పుడు చోళ్ళ గురించి, అదే రాగుల గురించి, చెప్పింది.

"మాయమ్మ చోడి ఇత్తనం మూడిళ్ళల్లో ఎట్టీది. మనింట్లో సగం. మా అప్పింట్లో కొంత. కొండవతల మేనత్తింట్లో కొంత. ఇల్లు కాలినా ఇత్తనం కాలకూడదు గదా."

"అది విత్తనం అత్తా. ఇది టెక్నాలజీ."

"అవునా. దండగన్నావు గదా, నాకిచ్చీ."

ఇచ్చాను. చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి మరీ ఇచ్చాను. అల్లం బుట్టలో వేసుకుని వెళ్ళిపోయింది. పచ్చడి జాడీ మీద బరువుకి పనికొస్తుందనుకున్నాను, మర్చిపోయాను.

అదే ఊపులో ఇంకో పని చేశాను. పొరలు లేస్తున్న సీడీలూ, మళ్ళీ నూగు పట్టిన క్యాసెట్టూ ఇంక ఎందుకని మా ఆవిడకి ఇచ్చేశాను. ఆమె చాలా రోజుల నుంచి అడుగుతోంది. మా వైపు చిక్కుడు పందిళ్ళ మీద చిలకలు వాలకుండా మెరిసే సీడీలు వేలాడదీస్తారు, క్యాసెట్ టేపు లాగి కట్టి గాలికి మోగనిస్తారు. ఆ ఏడు మా పెళ్ళంతా చిక్కుడు పందిరి మీద ఎగిరింది. కాయ బాగా నిలిచింది.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఉరుములు పట్టుకున్నాయి. వాన ఇంకా పడలేదు. మా ఆవిడ కేబుల్ మీది దుప్పటి తీయడానికి బయటికి వెళ్ళబోతుంటే నేను ఏదో అడిగాను, ఆమె ఆగి జవాబు చెప్పింది. ఏమడిగానో గుర్తులేదు. నా జీవితంలో నేను అడిగిన ప్రశ్నల్లో పనికొచ్చింది అదొక్కటే. రెండిళ్ళకీ మధ్య ఉన్న పనస చెట్టు మీద పిడుగు పడింది. వెదురు గెడ చీలిపోయింది. సర్వర్ వెనక నీలం మెరుపు ఒకటి వచ్చి కోడి గాల్లోకి లేచి కిటికీలోంచి దూకింది. బల్బు పగిలింది. ఇల్లంతా కాలిన వాసన. పిండి మిల్లు ఆగిపోయింది.

దుప్పటికి ఏమీ కాలేదు.

నలభై అడుగుల దూరం నుంచి తోడల్లుడు వచ్చాడు. అతని కంప్యూటరూ పోయింది.

"అన్నా, పిడుగు ఎన్నో అధ్యాయం?" అని అడిగాడు. అప్పుడు ఆ ముక్క అనడానికి అతనికి హక్కు ఉంది.

పెద్ద డిస్కుని పట్నం పట్టుకెళ్ళాను. రిపేరు మనిషి వాసన చూసి, "ఇది డిస్కు కాదండి, బొగ్గు" అని చేతిలో పెట్టాడు. తిరుగు బండిలో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వచ్చాను. దిగి ఇంట్లోకి వెళ్ళకుండా తిన్నగా చిక్కుడు పందిరి దగ్గరికి వెళ్ళాను. సీడీలు ఎండకి గాజు బిళ్ళల్లా అయిపోయాయి. ఒకదాన్ని కంటికి ఆనించి చూస్తే అవతల కొండ కనిపించింది, చర్చి కనిపించింది, మావ తప్ప అన్నీ కనిపించాయి. టేపు పేలికలు పేలికలై గాలికి గుయ్యిమంటోంది.

"ఏటయ్యా, పందిట్లో ఏటి సేత్తన్నావు?" అంది మా ఆవిడ.

"మీ నాన్నని వెతుకుతున్నాను" అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. ఆమె అక్కడే గట్టు మీద కూర్చుని టేపు పేలిక ఒకటి వేలికి చుట్టుకుంది. తర్వాత, "అమ్మకి నువ్వే సెప్పు" అంది.

చెప్పలేదు. తర్వాతి సంత రోజు అత్త వస్తే కరెంటు లేదన్నాను. ఆ పై వారం ఓల్టేజి చాలదన్నాను. మూడో వారం కోడి పొదుగుతోంది, కదపకూడదన్నాను. ఆ కోడి అప్పుడే మా ఇద్దరి మధ్య నుంచి నడుచుకుంటూ వీధిలోకి వెళ్ళింది. అత్త కోడిని చూసింది, నన్ను చూసింది, బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. నాలుగో వారం రాలేదు. ఇంకో పది రోజుల్లో జ్ఞాపకార్థ కూటమి. పాస్టరుగారికి కబురు వెళ్ళింది, బంధువులకి కబురు వెళ్ళింది.

మా ఆవిడ నన్ను ముందు నడిపించి కొండెక్కించింది. వెనక నుంచి ఎవరైనా చూస్తే దొంగని స్టేషనుకి తీసుకెళ్తోందనుకుంటారు.

తొలకరి పడింది. చోళ్ళు చల్లే రోజులు. అత్త వంటింట్లో స్టూలెక్కి, పొయ్యి మీద పొగకి నల్లబడ్డ అటక మీంచి ఆనపబుర్రలు ఒక్కొక్కటీ దించుతోంది. విత్తనాలన్నీ వాటిల్లోనే ఉంటాయి. ఎండబెట్టిన ఆనపకాయ మూతి కోసి, విత్తనం పోసి, పేడతో మూతి అలికి పొయ్యి పైన పెడతారు. కింద పొయ్యి రోజూ మండుతూనే ఉంటుంది కాబట్టి అక్కడికి తడి రాదు, పొగకి పురుగు రాదు. మా కొండల్లో ఏ ఇంట్లోనైనా వానాకాలంలో పొడిగా ఉండే చోటు అదొక్కటే. అలాంటి అటక కిందే నేను పుట్టి పెరిగాను. నా మొదటి పలక కూడా అక్కడే ఆరింది. అరవై వాట్ల బల్బు కోసం కోళ్ళ పుస్తకం దాకా వెళ్ళాను గానీ, నాకు ఆ అటక గుర్తురాలేదు.

అత్త అంబలి ఇచ్చింది. తాగకుండా పట్టుకుని కూర్చున్నాను.

"అత్తా, మావ పోయాడు."

"ఎప్పుడో పోయాడు గదా" అంది బుర్ర మూతి చెక్కుతూ.

"అది కాదు. పిడుగు పడింది. కంప్యూటర్ కాలిపోయింది. పెద్ద డిస్కూ కాలిపోయింది. సీడీలూ క్యాసెట్టూ నేనే పందిరికి ఇచ్చేశాను. వీడియో లేదు. ఇంకెక్కడా లేదు. తప్పు నాది."

అత్త నా వంక చూసింది. ఆమె మొహంలో నాకు కోపం కనిపించలేదు, ఏడుపు కనిపించలేదు. మూడు వారాలుగా కరెంటు లేదని అబద్ధమాడుతున్న అల్లుడు చివరికి ఎందుకో చెప్పాడన్న నిమ్మళం కనిపించింది.

"కోడి మీద పెట్టి సెప్పేవు గదా, ఏదో అయ్యిందనుకున్నాను" అంది. మళ్ళీ స్టూలెక్కింది. అటక చివర్నుంచి ఒక పెద్ద బుర్ర తీసింది. మూతికి ఎండిన పేడ. కత్తి పిడితో కొట్టి పగలగొట్టింది. లోపల పాత గుడ్డ, గుడ్డలో చోళ్ళు, చోళ్ళలో నేను ఇచ్చిన ప్లాస్టిక్ కవరు, కవర్లో దండగ డిస్కు.

"ఇత్తనం మూడిళ్ళల్లో ఉండాలన్నాను. నువ్వు ఇన్నావు కాదు. కనీసం రెండిళ్ళల్లో ఉంది" అంది.

నా నోట్లోంచి మొదట వచ్చిన మాట, "పొయ్యి మీదా?" అన్నది. డిస్కుని చల్లని చోట ఉంచాలని రెండో అధ్యాయంలో ఉంది. మా ఆవిడ నన్ను మోచేత్తో ఒక్కటి పొడిచింది. అంబలి కొంత ఒలికింది.

డిస్కు దొరికింది గానీ, బతికుందో లేదో తెలియదు. మర్నాడు గుహల దగ్గర తోడల్లుడి దుకాణానికి పట్టుకెళ్ళాం. అక్కడ అతనికి ఇంకో కంప్యూటర్ ఉంది. అత్త కూడా వచ్చింది. టూరిస్టుల కోసం పెట్టిన పీట మీద, ఈకల కిరీటాలు వేలాడే మేకు కింద కూర్చుంది. డిస్కు సందుల్లో ఇరుక్కున్న చోళ్ళని తోడల్లుడు పుల్లతో తీశాడు.

"మొలకెత్తుతాదేటి?" అన్నాడు.

"నువ్వు ముందు తగిలించు."

తగిలించి స్విచ్చి వేశాడు. డిస్కు రెండుసార్లు టకటకమంది. తర్వాత సన్నగా తిరగడం మొదలుపెట్టింది. కాసేపటికి కంప్యూటర్ తెర మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న వేసింది. ఈ డిస్కు ఫార్మాట్ అయి లేదు, ఇప్పుడు చెయ్యమంటారా అని.

"ఏటంటాది?" అంది అత్త.

"ఖాళీగా ఉందంటోంది. తుడిచి శుభ్రం చెయ్యమంటారా అంటోంది" అన్నాడు తోడల్లుడు. అతనికి కంప్యూటర్ ఏది అడిగినా అవుననడం అలవాటు. వేలు మౌసు మీదకి వెళ్ళింది.

నేను అతని చెయ్యి పట్టుకున్నాను. అంత గట్టిగా నా పెళ్ళిలో మా ఆవిడ చెయ్యి కూడా పట్టుకోలేదు.

"ఖాళీ కాదు తమ్ముడూ. నీ కంప్యూటర్‌కి ఆ భాష రాదు, అంతే. నేను దాన్ని వేరే పద్ధతిలో రాశాను. ఏడో అధ్యాయం."

సంచిలోంచి గ్రంథాలయం సీడీ తీశాను. ఏడాదిన్నర కిందట వారానికని తెచ్చింది. దాన్ని పెట్టి కంప్యూటర్‌ని మళ్ళీ మొదలుపెట్టాను. ఎర్రటి ముద్ర మీద తిరిగి ఇవ్వాల్సిన తేదీ చూసి తోడల్లుడు నా వంక చూశాడు. ఈలోగా ఒక టూరిస్టు కుటుంబం వచ్చి ఫొటో కావాలంది. "ఉండండి, మా మావ వస్తున్నాడు" అని వాళ్ళని ఆపాడు. వాళ్ళు గౌరవంగా పక్కకి జరిగి దారిచ్చారు.

ఫోల్డర్లు కనిపించాయి. పిల్లల బాప్తిస్మాలు. ఈకల బ్యాంకు ఉద్యోగి. పెళ్ళి. మావ.

"కూరలో ఉప్పు సాల్నేదు. ఎవులు వొండినారు?"

ఎర్రటి గుండె వచ్చి మింగేసింది. అత్త పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, మేకుకి వేలాడే ఈకల వైపు చూస్తూ కూర్చుంది. మావని అలా జవాబు లేకుండా వదిలేయడం నేను అదే మొదటిసారి చూశాను.

ఆ వారంలోనే మూడు పాత డిస్కులు సంపాదించి మూడిళ్ళకీ నకళ్ళు తీశాను. ఈసారి నా ఇంట్లో ఉన్నది కూడా పొయ్యి మీదే పెట్టాను, ఆనపబుర్రలో, పేడ మూతితో. గ్రంథాలయానికి వెళ్ళి సీడీ తిరిగి ఇచ్చాను. దాంతో పాటు నాలుగు కాగితాలు కూడా ఇచ్చాను. చెదలు తిన్న పదకొండో అధ్యాయాన్ని నా చేత్తో రాశాను. ఒకే చోట దాచకూడదు. కనిపించడం వేరు, ఉండడం వేరు. పాతదాన్ని దండగ అనకూడదు. కేబుల్ బయట లాగకూడదు, లాగితే దాని మీద దుప్పటి ఉన్నా లాభం లేదు. లైబ్రేరియన్ మంకీ క్యాపు వెనక్కి నెట్టుకుని మొత్తం చదివాడు.

"ఇది ఎక్కడ చదివారు?" అన్నాడు.

చదవలేదని ఒప్పుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఆయన జిగురు తీసి పుస్తకం చివర అంటించి ముద్ర వేశాడు. సీడీ జరిమానా మాత్రం వదల్లేదు.

జ్ఞాపకార్థ కూటమి మా ఇంట్లోనే జరిగింది. బయట ముసురు. తోడల్లుడు దుకాణం కంప్యూటర్‌ని గోనెల్లో చుట్టి జీపులో తెచ్చాడు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక జనం అంతా నేల మీద సర్దుకున్నారు. జరిగింది అందరికీ తెలుసు, కోడితో సహా. నేను మావని పెట్టాను. ఆయన విస్తరి పట్టుకుని, నమిలి, కెమెరా వైపు తిరిగాడు.

"కూరలో ఉప్పు సాల్నేదు. ఎవులు వొండినారు?"

గదిలో అందరూ అత్త వైపు తిరిగారు. పిల్లలు ఆమె మాట ఆమె కంటే ముందే అనడానికి పెదాలు కూడదీసుకున్నారు.

"నానే వొండినాను" అంది అత్త. "నిజమే. ఆ రోజు ఉప్పు తక్కువే పడింది."

తర్వాత ఆమె లేచి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.

"రికార్డు చేశావా?" అని మెల్లగా అడిగాను తోడల్లుణ్ణి. కెమెరా అతని మెళ్ళోనే ఉంది.

"నువ్వు చేత్తన్నావనుకున్నాను అన్నా" అన్నాడు.

మూడిళ్ళ బుర్రల్లోనూ ఆ మాట లేదు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.